గోడౌన్‌లో పెట్టె, ఊళ్లో బందు

ఆ రోజు పొద్దున అపర్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోపు తన కంప్యూటర్ సెంటర్‌లోని పన్నెండు కంప్యూటర్లలోనూ పరీక్ష ప్రోగ్రాం ఎక్కించాలి. జిల్లా కేంద్రం సుక్మా నుంచి తనిఖీకి వచ్చే అధికారికి చూపించాలి. హిందీ రాష్ట్రం సరిహద్దులో ఉన్న తమ ఊరు కొంటాలోనే పరీక్ష పెట్టుకోవడానికి అనుమతి తెచ్చుకోవాలి. ఇందులో ఎవరూ ఎవరితోనూ పోట్లాడవలసిన పని లేదు. కానీ అదే ఇంట్లో ఆమె మామగారు ఆదినారాయణ కూడా ఉంటారు.

ఆదినారాయణగారు కొంటా బజారులో పేరున్న కిరాణా వ్యాపారి. ఆయనకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. కారణం దొరక్కపోతే, దొరకనందుకే కోపం వస్తుంది. వాన పడితే ఉప్పు బస్తాలు చెమ్మగిల్లుతాయని కోపం, పడకపోతే గొడుగులు కదలడం లేదని కోపం. కోడలు దుకాణం మేడ మీద సెంటర్ పెట్టిన నాటి నుంచి ఆ కోపం పొద్దున లేవగానే నేరుగా మెట్లెక్కి పైకి వెళ్లడం నేర్చుకుంది.

పైగా ఆమె ఆయన గోడౌన్‌లోకి కూడా చొరబడింది. కందిపప్పు బస్తాలకూ నూనె డబ్బాలకూ మధ్య ఒక పాత కంప్యూటర్ పెట్టెను తెచ్చి పెట్టింది. దానికి తెర లేదు, మీటలు లేవు, పక్కన ఒక పలక ఊడిపోయి లోపలి తీగలన్నీ బయటికి కనబడుతూ ఉంటాయి. కొంటాలో నెట్ లైను గురించి మాట్లాడితే నోరు పాడవుతుంది కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం: ఊరి పక్క శబరి నది మీద నుంచి గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, అది నీరసించి పడుకుంటుంది. అలాంటి లైను మీద ఒకే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని పన్నెండు కంప్యూటర్లు విడివిడిగా దింపుకోవడం కుదిరే పని కాదు. అందుకని అపర్ణ ఈ పెట్టెను మధ్యవర్తిగా కూర్చోబెట్టింది. మేడ మీది కంప్యూటర్లు ఏ ప్యాకేజీ కావాలన్నా ముందు దీన్నే అడగాలి. ఇది బయటి నుంచి ఒక్కసారి తెచ్చి, ఒక నకలు దాచుకుని, ఆ తరువాత ఎవరు అడిగినా ఆ నకలే ఇస్తుంది. చదువుకున్నవాళ్లు దీన్ని ప్రాక్సీ అంటారు.

"మామయ్యా, ఇది కూడా గోడౌనే. మీరు భద్రాచలం నుంచి లారీ ఒక్కసారి తెప్పించి ఊరంతా అమ్ముతరు కదా, అట్లనే," అని అప్పట్లో ఆమె నచ్చజెప్పింది.

"మరి మాల్ దిగినప్పుడు మూట విప్పి చూసుకునేదెవరు?" అని ఆదినారాయణగారు అడిగారు.

"అదంతా అక్కర్లేదు మామయ్యా," అంది అపర్ణ. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఆయన మాత్రం గుర్తుపెట్టుకున్నారు.

పరీక్షకు కావలసిన ప్యాకేజీలన్నీ వారం రోజులుగా పెట్టెలో చేరుతూనే ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం పరీక్ష బోర్డువాళ్లు అన్నిటికంటే ముఖ్యమైన ప్యాకేజీని మార్చి, కొత్తదే వాడాలన్నారు. అంటే ఆ ఒక్కటీ తెస్తే సరిపోతుంది. లైను మీద మరొకరి బరువు పడకూడదని అపర్ణ పొద్దున్నే ఇంట్లోవాళ్ల ఫోన్లన్నిటినీ నెట్ నుంచి తప్పించింది. దాంతో ఆదినారాయణగారు రోజూ ఫోన్‌లో పెట్టుకుని చూసే రాజకీయ చర్చ ఆగిపోయింది. ఆ చర్చలో నలుగురు ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు, ఈయన ఆ నలుగురి మీదా అరుస్తారు. అరవడానికి మనిషి లేని పొద్దుట ఆయనకు కాఫీ దిగదు.

పెట్టె కొత్త ప్యాకేజీ కోసం వెళ్లింది, రెప్పపాటులో వచ్చిందని చెప్పింది. అపర్ణ పొంగిపోయింది. అంత త్వరగా వచ్చినప్పుడే అనుమానం రావలసింది. కొంటాలో ఏదీ త్వరగా రాదు.

"నొక్కు లక్మే," అంది.

లక్మే సుక్మా దారిలోని ఎర్రబోరు నుంచి వచ్చే దోర్లా గిరిజన పిల్ల. క్లాసులో అందరికంటే చురుకైనది. ఈ పరీక్ష నెగ్గితే బ్లాక్ ఆఫీసులో కంప్యూటర్ పని దొరుకుతుందన్న ఆశ ఉంది. కొంటాలో పరీక్ష లేకపోతే జగదల్‌పూర్ వెళ్లి రాయాలి. అంత దూరం పంపనని వాళ్ల నాయన ముందే చెప్పేశాడు. పరీక్ష లేదంటే మర్నాడే మిరప కోతకు వెళ్లే జీపులో ఆమెను కూడా ఎక్కించి తెలంగాణకు పంపుతాడు. అందుకే లక్మే మీటను భయభక్తులతో నొక్కింది. తెర మీద హిందీలో ఒక నోటీసు వచ్చింది: మీ డేటా ప్యాక్ అయిపోయినది, దయచేసి రీఛార్జ్ చేసుకొనగలరు.

"దీదీ, ప్యాక్ అయిపోయిందట," అంది లక్మే.

మెట్ల మీద నిలబడి ఉన్న ఆదినారాయణగారి మొహం వెలిగింది. పొద్దుటి నుంచి వెతుకుతున్న కారణం దొరికింది. "నిన్నగాక మొన్న చేయించిన! అప్పుడే ఎట్లయిపోతది? మీ నాయిన సంగతి ఇప్పుడే చూస్త," అని కోడలి మీద అరిచి చెప్పులేసుకున్నారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఊళ్లో నెట్ లైను ఇచ్చేదీ, రీఛార్జ్ చేసేదీ ఎదురు వరుసలోని రామ్‌ప్రసాద్. ఆయన అపర్ణ తండ్రి. అంటే ఆదినారాయణగారికి స్వయానా వియ్యంకుడు.

రామ్‌ప్రసాద్ మర్యాదగా రీఛార్జ్ చేశారు. అయిందని మెసేజ్ కూడా వచ్చింది. ఆదినారాయణగారు వెనక్కి వచ్చి, మెట్లెక్కి, "ఇప్పుడు నొక్కు," అన్నారు. లక్మే నొక్కింది. ప్యాక్ అయిపోయినది, దయచేసి రీఛార్జ్ చేసుకొనగలరు. ఆయన మళ్లీ వెళ్లారు. మళ్లీ చేయించారు. మళ్లీ వచ్చారు. నోటీసు చెక్కుచెదరలేదు. అపర్ణ కంప్యూటర్లు ఆపి మళ్లీ పెట్టింది, తీగలు పీకి మళ్లీ గుచ్చింది, చివరికి కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి అరగంట సంగీతం విన్నది. ఆ తరువాత ఒక అమ్మాయి, "మేడమ్, మీ ప్యాక్ కావలసినంత ఉంది, లైను కూడా బాగానే ఉంది," అంది. అపర్ణకు ఒళ్లు మండిపోయింది. "కళ్ల ముందు నోటీసు పెట్టుకుని చెప్తున్న, బాగానే ఉందంటవేంది?" అని ఫోన్ పెట్టేసింది. ఆ పూట నిజం చెప్పింది ఆ అమ్మాయి ఒక్కతే. హెల్ప్‌లైనులో నిజం చెబుతారని మాత్రం ఎవరు నమ్ముతారు?

మూడోసారి ఆదినారాయణగారు రీఛార్జ్‌కు వెళ్లలేదు, యుద్ధానికి వెళ్లారు.

"బావగారూ! పైసలు తీసుకుంటనే ఉన్నరు గాని మాల్ ఏది?"

"చేసిన కదా బావగారూ! మెసేజ్ రాలేదా?"

"మెసేజ్ తోని పన్నెండు కంప్యూటర్లు నడుస్తయా? నడిబజార్ల చెప్తున్న వినుండ్రి, మీది దొంగ తూకం!"

బజారులో బేరాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వ్యాపారిని దొంగ అనవచ్చు, పిసినారి అనవచ్చు, రెండు మూడు రోజుల్లో మాటలు కలుస్తాయి. దొంగ తూకం అనకూడదు. ఆ మాట అన్న తరువాత పెళ్లిళ్లకు పిలుచుకోవడం కూడా ఉండదు. రామ్‌ప్రసాద్ రోషం కొద్దీ మూడో రీఛార్జ్ కూడా చేసి, "ఇది నా తరఫున," అన్నారు. నోటీసు మళ్లీ వచ్చింది.

అప్పుడు ఆదినారాయణగారు గల్లా దగ్గర కూర్చున్న కొడుకు కిరణ్‌కుమార్ మీద పడ్డారు. కిరణ్ వ్యాపారుల సంఘానికి సహాయ కార్యదర్శి. అంటే సంఘం వాట్సాప్ గ్రూపులో టైపు చేసేవాడు. "రాయి! రీఛార్జ్ దోపిడీ తేలేదాకా కొంటా బంద్! మీ మామ పేరు కూడా రాయి!" అని ఆయన గర్జించారు.

కిరణ్ రాశాడు. మామగారి పేరు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. మేడ మీద భార్య ఉంది. ఆదివారం అత్తవారింట్లో భోజనం ఉంది. పేరు కొట్టేశాడు. పేరు లేకుండా దోపిడీ అంటే ఎవరి దోపిడీ అని అడుగుతారు, అదీ కొట్టేశాడు. రీఛార్జ్ అంటే ఊళ్లో ఉన్నది ఒక్కటే దుకాణం, అదీ కొట్టేశాడు. తండ్రి నెత్తి మీద నిలబడి ఉన్నారు. మిగిలినదానికి ముందు హిందీలో ఈ రోజు అని తగిలించి, మూడు మాటలు పంపించేశాడు: ఆజ్ కొంటా బంద్.

ఈ ప్రాంతంలో బందు పద్ధతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఇక్కడ బందు వ్యాపారులు పిలుస్తారు, పార్టీలు పిలుస్తాయి, అడవిలోంచి పేరు చెప్పనివాళ్లు కూడా పిలుస్తారు. పేరు ఉన్న బందు అయితే జనం కాస్త బేరమాడతారు, ఒక రెక్క తెరిచి ఉంచుతారు. పేరు లేని బందు అయితే అడగరు. ముందు షట్టర్ దించుతారు, ఎందుకన్నది వారం తరువాత తెలుసుకుంటారు. కాబట్టి ఆ మూడు మాటలూ వెళ్లిన కాసేపటికే బజారు ఆ చివర నుంచి ఈ చివర దాకా షట్టర్లు ధడధడమని పడ్డాయి. హోటల్‌వాడు బాండీలో సగం వేగిన పకోడీలను అలాగే వదిలేసి లోపలికి దూరాడు. పాలవాడు క్యానుతో సహా వెనుదిరిగాడు. సుక్మా వైపు నుంచి వస్తున్న బస్సులూ జీపులూ ఎర్రబోరు దగ్గరే ఆగిపోయాయి.

తన పిలుపుకు ఊరు ఇలా కదలడం చూసి ఆదినారాయణగారికి ఛాతీ ఉబ్బింది. మీసం సవరించుకుంటూ రామ్‌ప్రసాద్ దుకాణం ముందుకు వెళ్లారు. అది కూడా మూసి ఉంది.

"మొహం చెల్లక దాక్కున్నరా బావగారూ?" అని షట్టర్ మీద కొట్టారు.

లోపలి నుంచి గుసగుసగా జవాబు వచ్చింది. "గట్టిగ మాట్లాడకుండ్రి బావగారూ! బందు కదా, తెల్వదా? గొడవలు తర్వాత చూసుకుందాం, ముందు మీరు జల్ది ఇంట్లకు పోండి. బీపీ మనిషి మీరు."

తన మీద పిలిచిన బందును తానే పాటిస్తూ, పిలిచినవాడి ఆరోగ్యం గురించి బెంగపడుతున్న మనిషిని ఏమనాలో ఆదినారాయణగారికి తెలియలేదు. తెలియనందుకు ఇంకా కోపం వచ్చింది. ఈలోపు ఆయన భార్య అన్నపూర్ణమ్మ మేడ కిటికీలోంచి తల బయట పెట్టింది. పాలవాడు వెనుదిరగడంతో ఆమెకు టీ పడలేదు.

"అన్నయ్యగారూ!" అని ఎదురు దుకాణం కేసి కేక పెట్టింది. "దాక్కునేదానికి ఏం లేదు, బయటికి రాండ్రి! బందు మీ మీదనే! పిలిచింది మా ఆయనే!"

షట్టర్ ఒక్క గుంజుకు పైకి లేచింది. "నా మీదనా? నా మీది బందుకు నేను షట్టర్ దించిన్నా?" రామ్‌ప్రసాద్ మొహం కందగడ్డ అయింది. లోపలికి వెళ్లి తీగలు కత్తిరించే పట్టకారు తెచ్చారు, నిచ్చెన తెచ్చారు, స్తంభానికి వేసి ఎక్కారు. వియ్యంకుడి ఇంటికి వెళ్లే తీగను పుటుక్కుమని తెంచారు. "అయిపోయింది! ఇక మీకూ నాకూ లైను లేదు! ఇప్పుడు ఏం నోటీసు వస్తదో నేనూ చూస్త!" అని నిచ్చెన దిగి, పట్టకారుతోనే మేడ మీదికి వచ్చేశారు. ఆయన వెనక ఆదినారాయణగారు.

అలవాటు కొద్దీ లక్మే అప్పుడే మరోసారి మీట నొక్కింది. ప్యాక్ అయిపోయినది, దయచేసి రీఛార్జ్ చేసుకొనగలరు.

"చూసిన్రా!" ఆదినారాయణగారు ఒంటికాలి మీద లేచారు. "తీగ తెంపినా మీ నోటీసు వస్తనే ఉన్నది! ఎంత మోసం బావగారూ!"

రామ్‌ప్రసాద్ తెరనూ, చేతిలోని పట్టకారునూ మార్చి మార్చి చూశారు. అపర్ణ అలాగే నిలబడిపోయింది. లైను లేదు. బయటి నుంచి ఒక్క అక్షరం కూడా రావడానికి వీల్లేదు. మరి ఈ నోటీసు ఎక్కడి నుంచి వస్తోంది? ఆమె చూపు మెల్లగా కిందికి, కాళ్ల కింది గచ్చు మీదికి దిగింది. గచ్చు కింద గోడౌన్ ఉంది.

"పెట్టె," అంది నీరసంగా. "పొద్దున పెట్టె ప్యాకేజీ కోసం పోయినప్పుడు ప్యాక్ అయిపోయి ఉంది. కంపెనీవాళ్లు ప్యాకేజీ బదులు ఈ నోటీసు ఇచ్చిన్రు. పెట్టె దాన్నే ప్యాకేజీ అనుకుని, ఆ పేరుతోనే దాచుకుంది. అప్పటి నుంచి అడిగిన ప్రతివాళ్లకూ అదే ఇస్తోంది. రీఛార్జ్ మొదటిసారే అయింది మామయ్యా. నాన్న తప్పేం లేదు. నేను పెట్టెకు వచ్చిందేందో చూసుకోమని చెప్పలేదు."

"మూట విప్పి చూసుకోవాల్నని ఆ రోజే చెప్పిన!" అని ఆదినారాయణగారు గోడలు అదిరేలా అరిచారు. జీవితంలో ఇంత న్యాయమైన కోపం ఆయనకు ఎప్పుడూ దొరకలేదు. "ప్యాక్ అంత జల్ది అవగొట్టిందెవరు? అది కూడా చెప్పు!"

"నేను చెప్త," అంది అన్నపూర్ణమ్మ. "నిన్న అన్నం తిని మీరు గుర్రు పెడుతుంటే, మీ పొట్ట మీది ఫోన్‌ల ఆ నలుగురూ పొద్దుగూకేదాకా అరుచుకుంటనే ఉన్నరు."

సరిగ్గా అప్పుడే అపర్ణ ఫోన్ మోగింది. తనిఖీకి రావలసిన అధికారి నేతాం సాబ్. ఎర్రబోరు దాటి జీపు కదలడం లేదనీ, డ్రైవర్ రానంటున్నాడనీ, తాగడానికి టీ కూడా దొరకలేదనీ హిందీలో మండిపడ్డారు. కాసేపు చూసి వెనక్కి వెళ్లిపోతాననీ, సెంటర్ మూసి ఉన్నట్టు రాసేస్తాననీ, ఇక ఈ బ్యాచ్ పరీక్ష జగదల్‌పూర్‌లోనే అనీ చెప్పి ఫోన్ పెట్టేశారు.

లక్మే కుర్చీలోంచి లేచి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. అది చూసిన అపర్ణకు కళ్లలో నీళ్లూ గొంతులో నిప్పూ ఒకేసారి వచ్చాయి.

"కూర్చో లక్మే! ఎక్కడికీ పోవద్దు!" అని, పెద్దవాళ్లిద్దరి వైపూ తిరిగింది. "నాది తప్పే. ఒప్పుకున్న. మీరు మాత్రం ఏం చేసిన్రు? ఒకరు ఊరంతా మూయించిన్రు, ఒకరు తీగ తెంపిన్రు. ఎల్లుండికి మీరిద్దరూ కలిసి టీ తాగుతరు. ఈ పిల్ల మాత్రం మిరప తోటల ఉంటది. ఏడాది నుంచి చదువుతోంది నాన్నా! ఏడాది! మీ తూకాలు మండ!"

ఆమె ఆ ఇంట్లో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి.

"తీగ కలుపుత," అన్నారు రామ్‌ప్రసాద్. "గాని నడిబజార్ల అన్న మాట నడిబజార్లనే వెనక్కి తీసుకోవాలె."

ఆదినారాయణగారు కిటికీలోంచి బజారు చూశారు. అటు నుంచి ఇటు దాకా పిట్ట మనిషి లేడు. ఆయన మనసు తేలికపడింది. గబగబా దిగి వెళ్లి రోడ్డు మధ్యలో నిలబడి, తిట్టే గొంతుతోనే, "దొంగ తూకం మీది కాదు బావగారూ! నా గోడౌన్‌లనే ఉన్నది! మాట వెనక్కి తీసుకుంటున్న! సరిపోయిందా?" అని అరిచారు.

"సేఠ్, ఈ చివరకు సరిగ్గ వినబడలే, మళ్లొక్కసారి!" అని ఏదో షట్టర్ వెనక నుంచి గొంతు వచ్చింది. వరుసగా షట్టర్ల వెనక నవ్వులు మొదలయ్యాయి. ఆదినారాయణగారు రెండోసారి కూడా చెప్పారు. అది మొదటిదానికంటే గట్టిగా వినబడింది కానీ అందులో ఎక్కువ భాగం ఇక్కడ రాయడానికి వీలుకానిది.

తీగ కలిసింది. అపర్ణ పెట్టెలోంచి పాత నోటీసును తుడిచేసింది, ఇక మీదట వచ్చిన ప్రతి ప్యాకేజీనీ అసలుదా కాదా అని సరిచూసుకునే ఏర్పాటు పెట్టింది. మూడు రీఛార్జ్‌ల బలం మీద అసలు ప్యాకేజీ దిగింది. ఇప్పుడు నేతాం సాబ్ కొంటాకు రాలేకపోతే సెంటరే ఆయన దగ్గరికి వెళ్లాలి. పెట్టె ఒకసారి నిండిన తరువాత దానికి లైనుతో పని లేదు. దాన్నీ, దుకాణం ఇన్వర్టర్ బ్యాటరీనీ, రెండు ల్యాప్‌టాప్‌లనూ సరుకుల ఆటోలో ఎక్కించారు. వెనక అపర్ణ, లక్మే కూర్చున్నారు. ముందు ఆదినారాయణగారు నడిపారు. పక్కన రామ్‌ప్రసాద్, వియ్యంకుడి మొహం చూడకుండా రోడ్డు కేసి చూస్తూ కూర్చున్నారు. బందు పిలిచిన మనిషే బందులో బండి తీయడం షట్టర్ల సందుల్లోంచి ఊరంతా చూసింది.

ఎర్రబోరు మొదట్లో జవాన్లు బండి ఆపారు. పేరు లేని బందు రోజు, రోడ్డు మీద ఉన్నది ఇదొక్కటే బండి. వెనక, పక్క పలక లేని ఒక పెట్టె, అందులోంచి వేలాడుతున్న తీగలు, పక్కన పెద్ద బ్యాటరీ. జవాన్ల మొహాలు మారిపోయాయి. ఒకతను మెల్లగా, "బంద్ మే కహాఁ జా రహే హో?" అని అడిగాడు.

"ఎక్కడికైతేనేం? బందు మాదే! బంద్ హమారా హై!" అని ఆదినారాయణగారు ఉరిమారు.

రామ్‌ప్రసాద్ కళ్లు మూసుకున్నారు. మరుక్షణంలో నలుగురూ చేతులు పైకెత్తి రోడ్డు పక్కన నిలబడ్డారు. పెట్టెనూ బ్యాటరీనీ కర్రలతో నెమ్మదిగా జరిపి దూరంగా ఖాళీ పొలంలో పెట్టారు. ఇసుక బస్తాల వెనక జవాన్లు, వాళ్ల వెనక ఊరి జనం. ఊళ్లో కంప్యూటర్ సంగతి తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని వెతికితే, మూసిన హోటల్ అరుగు మీద టీ లేక రుసరుసలాడుతున్న నేతాం సాబ్ దొరికారు. ఆయన్ను తెచ్చి బస్తాల వెనక కూర్చోబెట్టారు.

"యే క్యా హై?" అన్నారాయన, పెట్టె కేసి చూపించి.

"గోడౌన్ సాబ్," అన్నారు ఆదినారాయణగారు, చేతులు దించకుండానే.

"కంప్యూటర్ అయితే పని చేయించి చూపించండి," అని హిందీలో అన్నాడు జవాన్ల పెద్ద. "కానీ దగ్గరికి మావాళ్లెవరూ రారు."

"పొద్దటి నుంచి నొక్కుతున్నది నేనే," అంది లక్మే విసురుగా. "ఇప్పుడూ నేనే నొక్కుత." ఎవరూ ఆపేలోపే పొలంలోకి నడిచి వెళ్లింది. బ్యాటరీ తగిలించింది. పెట్టెకు ల్యాప్‌టాప్ కలిపింది. ఈసారి నోటీసు రాలేదు. ప్యాకేజీలు ఒకటి వెంట ఒకటి దిగి, పరీక్ష ప్రోగ్రాం తెర మీద తెరుచుకుంది. లక్మే ల్యాప్‌టాప్‌ను పైకెత్తి ఇసుక బస్తాల వైపు తిప్పి చూపించింది.

నేతాం సాబ్ లేచి నిలబడ్డారు. తన ఫోన్ తీసి చూశారు. హోటల్ దగ్గర వచ్చిన సిగ్నల్ ఆ పొలం దగ్గర ఒక్క గీత కూడా లేదు. "నెట్ లేకుండా ఎట్లా ఎక్కింది?" అని దగ్గరికి వెళ్లారు. అపర్ణ చెప్పింది. ఆయన పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగారు. కొంటాలో లైను నిలకడగా ఉండదు కాబట్టి అనుమతి ఇవ్వకూడదని ముందే అనుకుని బయలుదేరానని అక్కడే ఒప్పుకున్నారు. సెంటర్ తెరిచే ఉందనీ, పరీక్ష రేపు పొద్దున కొంటాలోనే అనీ చెప్పారు. ఆ తరువాత ఆయన అడిగింది ఒక్కటే, టీ. అది మాత్రం ఎవరి వల్లా కాలేదు.

తిరిగి వస్తుంటే ఆదినారాయణగారు ఫోన్ చేసి బందు రద్దు చేయమని కొడుకును ఆదేశించారు. కిరణ్ గ్రూపులో "బంద్ ఖతం" అని పెట్టాడు. అయితే మొదటి మెసేజ్ అప్పటికే ఆ గ్రూపు దాటి, ఇంకో గ్రూపుకు, అక్కడి నుంచి నది అవతలికి, అక్కడి నుంచి మళ్లీ ఇవతలికి తిరుగుతోంది. దాని మీద పేరు లేదు, కారణం లేదు, తేదీ కూడా లేదు. మర్నాడు పొద్దున కొంటా నిద్ర లేచి ఫోన్ చూసుకునేసరికి, దూరపు చుట్టాలు ఆదుర్దాగా పంపిన అవే మూడు మాటలు కనబడ్డాయి: ఆజ్ కొంటా బంద్.

ఆదినారాయణగారిది తప్ప ఒక్క షట్టర్ లేవలేదు. పిండిమరలు, వెల్డింగ్ దుకాణాలు అన్నీ మూతబడటంతో ఊళ్లో ఎన్నడూ లేనంత వోల్టేజీ వచ్చింది. సరుకుల ఆటోలో వెళ్లి ఎర్రబోరు పిల్లలను ఆదినారాయణగారే తెచ్చారు. పన్నెండు కంప్యూటర్లూ రెప్ప వేయకుండా నడిచాయి. లక్మే అందరికంటే ముందు పరీక్ష ముగించి, మొహమంతా నవ్వుతో బయటికి వచ్చింది. మిరప కోతకు వెళ్లవలసిన జీపు బందుకు జడిసి ఎర్రబోరుకు రానేలేదు.

కింద బజారు మధ్యలో, తెరిచి ఉన్న ఏకైక దుకాణం ముందు, ఒక్క గిరాకీ లేక ఆదినారాయణగారు అగ్గి మీద గుగ్గిలంలా ఊగిపోతున్నారు. "ఎవడు పిలిచిండు ఈ బందు? ముందుకు రమ్మనుండ్రి!" అని అరుస్తున్నారు. ఆ అరుపు విని, అప్పుడే సగం తెరిచిన హోటల్ షట్టర్ కూడా మళ్లీ కిందికి దిగింది. ఊరంతటిలో పాత నోటీసును తుడిచేసుకున్నది ఆ పెట్టె ఒక్కటే.